లక్ష్మణఫలము – కాన్సర్ వ్యాధి
(నెల్లూరు సముద్రతీర గ్రామముల పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



సీతాఫలమును, రామాఫలమును ఎరుగనివారు మన తీరగ్రామములలో లేరు. ఆ కుటుంబమునకే చెందినది లక్ష్మణఫలము. ఇది అమెరికా ఖండపు ఉష్ణప్రాంతములలో పుట్టిన చెట్టు. పచ్చని తొక్కపై మెత్తని ముండ్లు, లోపల పులుపు తీపి కలిసిన తెల్లని గుజ్జు గల యీ పండు రుచికరమైనదే. కాని దీని ఆకుల కషాయము కాన్సర్‌ను కుదుర్చునని ప్రచారము సాగుచున్నది. ఆకుల పొడిని అమ్మువారును కలరు. ఇందు నిజమెంత?

నిజము కొంత కలదు. ఈ చెట్టు ఆకులనుండి, గింజలనుండి అసిటోజెనిన్లు అను పదార్థములను శాస్త్రజ్ఞులు వేరుచేసిరి. ప్రయోగశాలలో పెంచిన కాన్సర్ కణములను ఇవి చంపినవి. కణమునకు శక్తి సమకూర్చు యంత్రాంగమును ఇవి స్తంభింపజేయును. అయితే ఆ యంత్రాంగము మన మంచి కణములందును, మెదడు కణములందును కలదు. కరిబియన్ సముద్రమందలి గ్వాడెలూప్ దీవిలో ఈ పండును, ఆకుల కషాయమును అలవాటుగా పుచ్చుకొనువారిలో పార్కిన్సన్ వ్యాధిని పోలిన జబ్బు హెచ్చుగా కనిపించినదని 1999లో వైద్యులు ప్రకటించిరి. ఈ చెట్టే కారణమని తుదిగా తేలకున్నను, ఇది మనకు హెచ్చరిక. గాజుపాత్రలో కణము చచ్చుట వేరు, మంచముపైనున్న రోగి కోలుకొనుట వేరు. ఈ ఫలము మనుష్యులలో కాన్సర్‌ను నయము చేసినట్లు నేటివరకు రుజువు కాలేదు.

మొక్కలనుండి కాన్సర్ మందులు రావా యని మీరడుగవచ్చును. వచ్చినవి. మన ఇసుక నేలలలో పూయు బిళ్లగన్నేరునే చూడుడు. దానినుండి 1958లో కెనడా శాస్త్రజ్ఞులు నోబుల్, బీర్ విన్‌బ్లాస్టిన్ అను మందును వేరుచేసిరి. తరువాత వచ్చిన విన్‌క్రిస్టిన్ పిల్లల రక్తకాన్సర్ చికిత్సలో నేటికిని ముఖ్యమైనది. రాశులకొద్ది ఆకునుండి లభించు ఆ కొద్దిపాటి మందును శుద్ధిచేసి, మోతాదు తూచి, రోగులపై పరీక్షించిన పిదపనే వాడుకలోనికి తెచ్చిరి. బిళ్లగన్నేరాకును నమలినవాడు విషము తిన్నవాడే యగును.

భీమవరమున 1895లో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనయు ఇట్టి బాటలోనిదే. అమెరికాలో ఆయన నాయకత్వమున తయారైన ఔషధముతో రక్తకాన్సర్ సోకిన పిల్లలకు తాత్కాలికముగా ఉపశమనము కలిగినదని డాక్టర్ ఫార్బర్ 1948లో ప్రకటించెను. ఆ కోవకు చెందిన మెథోట్రెక్సేట్ నేడు లోకమంతట వాడుకలో నున్నది.

సభ్యులారా! కషాయముతో నెలలు గడపినచో వ్యాధి ముదురును. మొదట సులువుగా కుదిరెడి గడ్డ తరువాత ప్రాణము తీయును. కావున మీ కర్తవ్యములు మూడు.

ఒకటి: నోటిలో మానని పుండు, రొమ్ములో గడ్డ, స్త్రీలకు అకాల రక్తస్రావము కనిపించినచో ఆలస్యము చేయక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపుడు. అడయారులో 1954లో వెలసిన కాన్సర్ ఇన్‌స్టిట్యూటు మనకు దూరము కాదు. తిరుపతిలోను 2022నుండి కాన్సర్ ఆసుపత్రి పనిచేయుచున్నది. ఆరోగ్యశ్రీగా 2007లో మొదలైన ప్రభుత్వ పథకమున పేదల కాన్సర్ చికిత్సకు సహాయము కలదు.

రెండు: కాన్సర్‌ను కుదుర్చుదుమని ప్రకటనలు చేయుట 1954నాటి ఔషధములు, అద్భుత చికిత్సల చట్టము ప్రకారము నేరము. అట్టి అమ్మకములు ఊరిలో జరిగినచో అధికారులకు తెలుపుడు.

మూడు: చికిత్స పొందుచున్న వారు ఆకుల మందేదైనను వాడదలచినచో ముందుగా వైద్యునికి చెప్పవలెనని బోధింపుడు. ఈ జాతి పండ్ల గింజలను నూరి తలకు పట్టించుట మాన్పింపుడు. కంట బడినచో చూపునకు హాని కలుగును.

చెట్టును పెంచుడు, పండును మితముగా తినుడు. రోగిని మాత్రము ఆసుపత్రికే చేర్చుడు. పొరుగువాని ప్రాణమును సకాలములో నిలుపుట పంచాయతీ చేయదగిన సేవలలో మొదటిది.