ఒక ఆడపిల్ల చదువు

(మైలవరములో స్త్రీల కూటమి యెదుట చేసిన ప్రసంగము)



ఈ శతవార్షికోత్సవ దినములలో మిషనెరీ దొరలను, తొలి గురువులను పేరుపేరున జ్ఞాపకము చేసుకొంటిమి. ఈ సాయంత్రము మాత్రము మన సంఘపు రిజిస్టరులో పేరులేని ఒక స్త్రీని గూర్చి మాట్లాడుదుము. ఆమె జె. ఈశ్వరీబాయిగారు.

అంతకు ముందొక మాట. అమెరికాలోని రోజా పార్క్స్ పేరు మీలో కొందరు వినియుందురు. 1955 డిసెంబరు 1న మాంట్‌గోమరీ పట్టణపు బస్సులో, తెల్లవానికి సీటు విడిచి లేవనన్న నల్లజాతి స్త్రీ. కుట్టుపని చేసి అలసి కూర్చున్నదని లోకము చెప్పుకొన్నది. కాని ఆ ధైర్యము ఆ ఒక్క సాయంత్రము పుట్టినది కాదు. తాను ఎవరికిని తీసిపోనని ఆమె చిన్ననాడే, నల్లజాతి బాలికల కొరకు నడిచిన ఒక బడిలో నేర్చుకొన్నది. ఇంట జబ్బులు వచ్చి చదువు మానినది. పెండ్లియైన తరువాత, భర్త ప్రోత్సాహముతో 1933లో హైస్కూలు చదువు ముగించినది.

అటువంటి సంగతియే మన తెలుగు దేశమునను జరిగినది. ఈశ్వరీబాయిగారు 1918లో సికింద్రాబాదు చిలకలగూడలో, అంటరానివారని లోకము త్రోసివేసిన కులములో పుట్టిరి. తల్లి రాములమ్మ, తండ్రి బలరామస్వామి. ఆ దినములలో మన పల్లెల్లో, గూడెముల్లో పుట్టిన మగపిల్లవాడు బడికి పోవుటయే అరుదు. ఇక ఆడపిల్ల మాట చెప్పనేల? అయినను తలిదండ్రులు ఆమెను ఎస్.పి.జి. మిషను బడికిని, తరువాత కీస్ బాలికల పాఠశాలకును పంపిరి.

పదమూడవ యేటనే పూనాలోని దంతవైద్యులతో వివాహమైనది. కొంతకాలమునకు ఆమె కుమార్తె గీతను వెంటబెట్టుకొని పుట్టింటికి తిరిగివచ్చిరి. అట్లు వచ్చిన ఆడపడుచును మన ఊళ్లలో ఎట్లు చూతురో మీకు తెలియును. ఆమె చేతిలో మిగిలినది బడిలో నేర్చిన చదువే. దానితోనే పరోపకారిణి పాఠశాలలో ఉపాధ్యాయినిగా చేరిరి. తరువాత గీతా విద్యాలయమను పేర తామే ఒక బడి పెట్టిరి.

బడి ఆమెకు మాట నేర్పినది. ఆ మాటను ఎవరి కొరకు వాడవలెనో అంబేద్కరుగారి బోధ నేర్పినది. ఆమె రిపబ్లికన్ పార్టీకి మన రాష్ట్రములో నాయకురాలైరి. 1967లోను, 1972లోను ఎల్లారెడ్డి నుండి శాసనసభకు గెలిచి, బీదల పక్షమున, స్త్రీల పక్షమున బెదరక మాట్లాడిరి. 1991లో కన్నుమూసిరి. చంకనెత్తుకొని వచ్చిన ఆ బిడ్డయే వైద్యురాలై, తరువాత రాష్ట్ర మంత్రియైన గీతారెడ్డిగారు.

ఇక మన సంగతి. రాఘవాపురపు పగోలు వెంకయ్యగారు 1859లో బాప్తిస్మము పొందిరనియు, గుడి ప్రక్కనే బడి వెలసినదనియు గర్వముగా చెప్పుకొందుము. అయితే మేము చేసిన తప్పు ఒకటి ఈ దినము ఒప్పుకొనవలసియున్నది.

కొన్నాళ్ల క్రిందట ఒక ఇంటికి ప్రార్థనకు వెళ్లితిమి. పత్తి పోయి అప్పు మిగిలినది. "అయ్యగారూ, అమ్మాయిని బడి మానిపించి మిరపకోతకు పంపుతున్నామండి, ప్రార్థన చెయ్యండి" అని తండ్రి అన్నాడు. మేము ప్రార్థన చేసితిమి, ఇచ్చిన కాఫీ త్రాగితిమి, వచ్చితిమి. పదవ తరగతి పిల్ల. పుస్తకముల సంచి ఒడిలో పెట్టుకొని గుమ్మము ప్రక్కన కూర్చున్నది. మేమేమైన అందుమేమోనని మా ముఖము వైపు చూచినది. మేము ఒక్క మాటయు అనలేదు.

చిలకలగూడలో ఆ తలిదండ్రులకు మాత్రము ఇబ్బందులు లేకుండెనా? ఆ తండ్రిని మేము నిందించుట లేదు. అప్పు మాట సంఘము కలిసి ఆలోచింపవలసినది. ఆ బరువు పిల్ల నెత్తిన పెట్టవలసినది కాదు.

కాబట్టి స్త్రీల కూటమికి మా మనవి. ఏ ఇంటనైన ఆడపిల్లను బడి మానిపించు మాట వినబడిన, ఆ వారమే ఇద్దరు తల్లులు వెళ్లి కూర్చుండి మాట్లాడవలెను. పుట్టింటికి తిరిగివచ్చిన ఆడపడుచులలో చదువుకొన్నవారిని పిలిచి, గుడి వసారాలో సాయంకాలపు చదువు చెప్పింపవలెను. దీపము ఖర్చు, పుస్తకముల ఖర్చు సంఘము భరించును.

మొదటి దినమున ఆ అమ్మాయిని పిలుచుకొని వచ్చుటకు మేమే ఆ ఇంటికి వెళ్లుదుము.