ఎవరిని అడగాలి, ఎవరిని వదిలెయ్యకూడదు



గృహహింస మీద సర్వేకి ప్రశ్నలు తయారుచెయ్యడానికే పొద్దుటి నుంచీ సరిపోయింది. ఆ ప్రశ్నలు ఎవరిని అడగాలన్నది మాత్రం ‘మన సంఘాల వాళ్ళనే అడుగుదాం, వాళ్ళయితే నోరు విప్పుతారు’ అన్న ఒక్క మాటతో తేలిపోయింది. నాకు అభ్యంతరం అక్కడే.

సంఘానికి వచ్చేది గడప దాటగలిగిన స్త్రీ. మీటింగుకెళ్తే కాళ్ళు విరగ్గొడతానని మొగుడు బెదిరించిన ఆమె రాదు. అలా చూస్తే మన లెక్క తక్కువొస్తుంది. మరోవైపు, దెబ్బలు తిన్నాకే మన దగ్గరికొచ్చే వాళ్ళూ ఉన్నారు. అలా చూస్తే ఎక్కువొస్తుంది. ఎటు తప్పిందో మనకే తెలియనప్పుడు, ‘మీ దగ్గరికొచ్చేది బాధితులే కదమ్మా’ అనే అధికారికి ఏం జవాబు చెప్తాం?

పోనీ ఎక్కువమందిని అడిగితే? 1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ పత్రిక దాదాపు 1 కోటి మందికి ఫారాలు పంపింది. 20 లక్షలకు పైగా జవాబులొచ్చాయి. రూజ్‌వెల్ట్ ఓడతాడని రాసింది. ఆయన 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. చిరునామాలు ఎక్కువగా టెలిఫోన్, కార్ల జాబితాల నుంచి తీశారు. జవాబు రాసి పంపిన వాళ్ళూ కొందరే.

మరి జాబితా ఎక్కడిది? ఓటర్ల జాబితాలో కొత్త కోడలి పేరు ఇంకా పుట్టింటి ఊళ్ళోనే ఉంటుంది. వలసొచ్చిన వాళ్ళుండరు. కాబట్టి ఆ ఊరి ఆడవాళ్ళతో కూర్చుని మ్యాపు గీయించి, శివారు గూడెంతో సహా ప్రతి గడపకీ నంబరు వెయ్యండి. 300 గడపల్లో 20 కావాలంటే ప్రతి 15వ ఇల్లు. మొదలుపెట్టే ఇల్లు 1 నుంచి 15 లోపు చీటీ తీసి తేల్చాలి. తాళం వేసుంటే పక్కింటికి పోవద్దు. తాళం వేసింది కూలికెళ్ళిన ఆమె. మధ్యాహ్నం ఇంట్లో దొరికేది కూలికి పోనవసరం లేని ఆమె. పొద్దుపోయాక మళ్ళీ వెళ్ళండి, మూడుసార్లయినా సరే.

టీకాల సర్వేల్లో 30 ఊళ్ళు, ఊరికి 7గురు పిల్లల పద్ధతి ఉంది. మొదటి ఇల్లు చీటీ ప్రకారం, తర్వాత పక్కిల్లు, ఆ పక్కిల్లు. చాలా సుళువు. కానీ మన ఊళ్ళలో పక్కపక్క ఇళ్ళంటే ఒకే కులం. ఏడూ ఒకే వాడలో పడతాయి. పైగా మొదటింట్లో ఏమడిగారో రెండో ఇంటికి మనకన్నా ముందే చేరుతుంది.

ఇంటికి ఒక్క స్త్రీనే అడగాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో చెప్పిందీ ఇదే. అత్తనీ కోడలినీ ఇద్దరినీ అడిగితే మనం వెనుదిరిగేసరికి గొడవ మొదలవుతుంది. ఎవరినన్నది కూడా చీటీయే తేల్చాలి. లేకపోతే ‘దానికేం తెలుసు, నన్నడగండి’ అని అత్తే తేల్చేస్తుంది. ఊళ్ళో ఆడవాళ్ళ ఆరోగ్యం సర్వే అని చెప్పండి. అసలు సంగతి ఎంపికైన ఆమెకు ఏకాంతంలో చెప్పి, ఒప్పుకుంటేనే అడగండి. ఎవరైనా లోపలికొస్తే పిల్లల టీకాల ప్రశ్నల్లోకి మారిపోవాలి. ముగ్గురు స్త్రీలున్న ఇంట్లో ఒకామెకి అవకాశం మూడో వంతే కాబట్టి, లెక్క కట్టేటప్పుడు ఆమె జవాబుని మూడింతలు చెయ్యాలి. ఈ పని చాలామంది మర్చిపోతారు.

ఎంతమంది చాలు? జాబితా మొత్తం నుంచి చీటీలు తీస్తే 400 మందితో అటూ ఇటూ 5 శాతం తేడాలో తెలుస్తుంది. జనాభా లక్షయినా పది లక్షలయినా దాదాపు అంతే. ఊళ్ళవారీగా తీస్తే దానికి రెట్టింపు పెట్టుకోవడం మంచిది. నాలుగు ఊళ్ళలో 200 చొప్పున కంటే 40 ఊళ్ళలో 20 చొప్పున మేలు. బస్సు చార్జీలు పెరుగుతాయి, నిజమే. అంత డబ్బు లేకపోతే ఒక్క మండలమే చెయ్యండి. రిపోర్టు మీద కూడా ఆ మండలం పేరే వెయ్యండి, జిల్లా పేరు వెయ్యకండి. మాట్లాడనన్న వాళ్ళు ఎందరో కూడా అందులో అచ్చెయ్యండి.