మెడ నొప్పి, తల తిరుగుడు: స్కాన్ ఏం చెప్తుంది, ఏం చెప్పదు



వేదిక పెద్దలు ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను డాక్టర్ని కాదు. ఇక్కడ ఆస్పత్రిలో అల్ట్రాసౌండ్ స్కాన్ తీసే పని నాది. మెడ మీద జెల్ రాసి, ప్రోబ్ పెట్టి రక్తనాళాలు చూడటమే నా రోజువారీ పని. అందుకని నాకు తెలిసిన దాని గురించే చెప్తాను.

మన వాళ్లలో ఒక మాట ఉంది: "మెడ పట్టేసింది, స్పాండిలైటిస్ అంట, అందుకే తల తిరుగుతోంది." గోడౌన్‌లో రాత్రి షిఫ్ట్ చేసేవాళ్లు, ట్రక్కు నడిపేవాళ్లు, కిచెన్‌లో నిలబడేవాళ్లు, కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు, మనలో మెడ నొప్పి లేనిదెవరికి? కానీ రెండూ ఒకే మనిషికి ఉన్నంత మాత్రాన ఒకదాని వల్లే రెండోది వచ్చిందని కాదు.

ఒక తమ్ముడి సంగతి చెప్తాను. రెస్టారెంట్‌లో వంట పని. పై అరలో గిన్నె కోసం తల ఎత్తితే గిర్రున తిరిగేది. పక్క మీద ఇటు నుంచి అటు దొర్లినా అంతే. మరిగే నూనె ముందు పడిపోతానేమోనని భయపడి పనికి పోవడం మానేశాడు. ఊరికి డబ్బు పంపడం ఆగిపోయింది. మెడకు పట్టీ కొన్నాడు, నొప్పి మాత్రలు మింగాడు. చివరికి చేతి డబ్బు పెట్టి మెడ స్కాన్‌కి వచ్చాడు. రక్తనాళాలు బాగానే ఉన్నాయని రిపోర్ట్ వచ్చింది. తర్వాత ఒక డాక్టర్ అతన్ని బల్ల మీద కూర్చోబెట్టి, తల ఒక పక్కకి తిప్పి, వెనక్కి పడుకోబెట్టి కళ్లు చూశాడు. అంతే, జబ్బు దొరికింది. అది మెడలో లేదు, చెవిలో ఉంది.

లోపలి చెవిలో సన్నని కాల్షియం రేణువులు ఉంటాయి. అవి తమ చోటు నుంచి జారి పక్క గొట్టంలో పడితే, తల కదిపినప్పుడు కొన్ని సెకన్ల పాటు లోకమంతా తిరుగుతుంది. తల తిరుగుడుకి చాలా ఎక్కువగా కనిపించే కారణాల్లో ఇదొకటి. ఆ రేణువుల్ని తల తిప్పుతూ వెనక్కి పంపే పద్ధతిని ఒరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌కి చెందిన డాక్టర్ జాన్ ఎప్లీ కనిపెట్టారు. పట్టేది కొన్ని నిమిషాలే, మిషను అక్కర్లేదు. ఆ తమ్ముడు మళ్లీ పనికి పోతున్నాడు.

మరి మెడ స్కాన్ దేనికి? మెదడుకి రక్తం నాలుగు నాళాల ద్వారా వెళ్తుంది. ముందు రెండు, వెనక రెండు. వెనకవి మెడ ఎముకల పక్కనున్న రంధ్రాల్లోంచి పైకెక్కి, మెదడులో నడకని, నిలకడని, చూపుని చూసుకునే భాగాలకు రక్తమిస్తాయి. డాప్లర్ స్కాన్‌లో ఆ రక్తం ఎంత వేగంగా పోతోంది, పైకి పోతోందా, వెనక్కి వస్తోందా అన్నది తెలుస్తుంది. రేడియేషన్ లేదు, సూది లేదు. భుజం దగ్గర నాళం మూసుకుపోతే, చెయ్యి మెదడుకి పోయే రక్తాన్ని లాక్కుంటుంది. అప్పుడు ఒక చేత్తో బరువు పని చేస్తే తల తిరగొచ్చు. రెండు చేతుల బీపీలో బాగా తేడా ఉంటుంది. ఇది డాప్లర్‌లో బాగా దొరుకుతుంది.

మెడ ఒక పక్కకి తిప్పినప్పుడు మాత్రమే నాళం నొక్కుకుపోయే జబ్బు కూడా ఉంది. 1978లో విలువిద్య సాధన చేసే ఒకాయనలో దీన్ని గుర్తించి 'బో హంటర్' జబ్బు అన్నారు. చాలా అరుదు. దీనికోసం డాక్టర్ పర్యవేక్షణలో మెడ తిప్పించి స్కాన్ తీస్తారు. ఇంట్లో మీరు తిప్పుకుని పరీక్ష చేసుకోకండి.

స్కాన్‌కి హద్దులున్నాయి. ఎముక అడ్డం వస్తే మాకు నీడే కనిపిస్తుంది. మెడ ఎక్కువగా తిరిగే పై రెండు ఎముకల దగ్గర చూడటం కష్టం. కండరాలు, కీళ్ల వల్ల వచ్చే తల తిరుగుడుని ఏ స్కానూ చూపించలేదు. మిగతా కారణాలన్నీ కావని తేలాకే డాక్టర్ ఆ మాట అంటారు. దానికి ఫిజియోథెరపీ పనిచేస్తుంది. ఇంకోటి, రిపోర్ట్‌లో "ఒక నాళం చిన్నది" అని రాస్తే హడలిపోకండి. చాలామందికి పుట్టుకతోనే అలా ఉంటుంది.

అలాగని మెడని తేలిగ్గా తీసుకోవద్దు. 2022లో హైదరాబాద్‌లో ఒక ఆవిడకి బ్యూటీ పార్లర్‌లో, మెడ వెనక్కి వాల్చి తల కడుగుతుండగా తల తిరిగింది, వాంతులయ్యాయి. ముందు కడుపు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారు. మర్నాడు నడక తూలింది. ఎంఆర్ఐలో చిన్న మెదడులో స్ట్రోక్ అని తేలింది. ఆ సంగతి హైదరాబాద్ అపోలో డాక్టర్ సుధీర్ కుమార్ బయటపెట్టారు. సెలూన్‌లో మెడ విరిపించుకోవడం మనకి అలవాటు. దాని తర్వాత నాళం లోపలి పొర చీలిన కేసులూ ఉన్నాయి. అరుదే, కానీ ఆ అలవాటు మానేయండి.

తల తిరుగుడుతో పాటు మాట తడబడినా, వస్తువు రెండుగా కనిపించినా, మూతి వంకర పోయినా, ఒక పక్క చెయ్యి కాలు మొద్దుబారినా, నిలబడలేకపోయినా, మెడలోనో తలలోనో ఎప్పుడూ లేనంత నొప్పి ఒక్కసారిగా వచ్చినా, స్కాన్ అపాయింట్‌మెంట్ కోసం చూడకండి. 911కి ఫోన్ చేయండి. గడ్డ కరిగించే మందు చాలామందికి మొదటి నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. 1986 నాటి చట్టం ప్రకారం, మెడికేర్ తీసుకునే ఆస్పత్రుల ఎమర్జెన్సీలో ఇన్సూరెన్స్ లేకపోయినా, డబ్బు లేకపోయినా, ముందు పరీక్ష చేసి ప్రాణం నిలబెట్టాలి. బిల్లు తర్వాత వస్తుంది, నిజమే. కానీ మనిషి ఉంటే బిల్లు సంగతి చూసుకోవచ్చు.

బిల్లు గురించి కూడా రెండు మాటలు. ఇన్సూరెన్స్ లేనివాళ్లు ముందుగా ఏర్పాటు చేసుకునే స్కాన్‌కి ఖర్చు అంచనా కాగితం మీద అడగొచ్చు. 2022 నుంచి అది మన హక్కు. బిల్లు ఆ అంచనా కంటే 400 డాలర్లు, అంతకు మించి ఎక్కువైతే 120 రోజుల్లో ఫిర్యాదు చేయొచ్చు. లాభాపేక్ష లేని ఆస్పత్రుల్లో ఆర్థిక సహాయం పథకం తప్పకుండా ఉండాలి. మొదటి బిల్లు వచ్చాక 240 రోజుల దాకా దరఖాస్తు తీసుకుంటారు.

ఆఖరి మాట మన భాష గురించి. మనం "కళ్లు తిరిగాయి" అంటే స్పృహ తప్పబోయిందని. "తల తిరుగుతోంది" అంటే గది గిర్రున తిరిగిందని. "తూలుతోంది" అంటే నడక నిలవట్లేదని. ఇంగ్లీషులో చెప్పేటప్పుడు మూడిటికీ "డిజ్జీ" అని ఒక్క మాటే అనేస్తాం. మూడు వేరు వేరు దారులు. అక్కడ మాట తప్పితే పరీక్షలు కూడా దారి తప్పుతాయి. అందుకే మొహమాటపడకుండా తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి. ప్రభుత్వ నిధులు తీసుకునే ఆస్పత్రులు ఫోన్‌లోనైనా ఉచితంగా ఏర్పాటు చేయాలి. వెళ్లే ముందు చీటీ మీద రాసుకోండి: ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు ఉంటుంది, ఏం చేస్తే వస్తుంది, వేసుకునే మాత్రలేంటి.

ఆ చీటీ నా స్కాన్ మిషను కంటే ముందు పని చేస్తుంది.