చికిత్సాన్వేషణ కూడా సహనంలో భాగమే

మనల్ని సృష్టించి, పోషించి, స్వస్థతను ప్రసాదించే అల్లాహ్‌ను స్తుతిస్తున్నాము. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లమ్) వారిపై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతిశుభాలు కురియాలని వేడుకుంటున్నాము. అమ్మా బాద్.

ధార్మిక సోదరులారా!

జ్వరం వస్తే నాలుగు రోజుల్లో తగ్గుతుంది. కాలు విరిగితే కట్టు కనబడుతుంది, చూసినవారు జాలిపడతారు. కానీ పైకి కనబడకుండా ఏళ్ల తరబడి మనిషిని కృంగదీసే వ్యాధులు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి క్రోన్స్ వ్యాధి. శరీరాన్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే పేగులపై తిరగబడి వాపును, పుండ్లను కలిగిస్తుంది. చాలామందిలో ఇది చిన్నపేగు చివరి భాగంలో కనిపిస్తుంది. కడుపునొప్పి, మాటిమాటికీ విరేచనాలు, బరువు తగ్గడం, తీరని అలసట దీని లక్షణాలు. తరచుగా యౌవనంలోనే మొదలవుతుంది. ఇది అంటువ్యాధి కాదు. మన దేశంలో దీనిని పేగుల క్షయగా పొరబడే అవకాశం ఉన్నందున, అసలు వ్యాధి తేలేసరికే కొందరికి నెలలు గడిచిపోతాయి.

1932లో న్యూయార్క్ వైద్యుడు బరిల్ క్రోన్, ఆయన సహచరులు ఇద్దరు ఈ వ్యాధిని వర్ణించారు. దీనిని సమూలంగా తొలగించే మందు నేటికీ లేదు. అయితే అణచి ఉంచే మందులు అల్లాహ్ కృపతో ఒక్కొక్కటిగా వెలుగుచూశాయి. ఒకప్పుడు స్టెరాయిడ్లు, శస్త్రచికిత్సలే ప్రధాన ఆధారం. 1998లో అమెరికాలో ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే ఇంజెక్షన్‌కు అనుమతి లభించింది. తరువాత అడాలిముమాబ్, వెడోలిజుమాబ్, ఉస్టెకినుమాబ్ వచ్చాయి. ఇటీవల ఉపడాసిటినిబ్ వంటి మాత్రలు కూడా వచ్చాయి. కానీ ఒకరికి పనిచేసిన మందు మరొకరికి పనిచేయకపోవచ్చు. రెండేళ్లు మేలు చేసిన మందు మూడో ఏట శక్తి కోల్పోవచ్చు. అప్పుడు మళ్లీ పరీక్షలు, మళ్లీ ఖర్చు, మళ్లీ ఆశ, దాని వెన్నంటే ‘ఇది కూడా పనిచేయకపోతే?’ అనే భయం.

ఇలా మందు వెంట మందు మార్చుకుంటున్న రోగిని చూసి, ‘అల్లాహ్ రాసినదానికి తృప్తిపడరాదా? తవక్కుల్ లేదా?’ అని అడిగేవారు మన మధ్య ఉన్నారు. ఈ ప్రశ్నకు సమాధానం మన చరిత్రలోనే ఉంది. హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా సిరియా దిశగా ప్రయాణిస్తూ సర్గ్ అనే చోటికి చేరేసరికి, ముందున్న ప్రాంతంలో ప్లేగు ప్రబలిందని తెలిసింది. సహచరులను సంప్రదించి వెనుదిరగాలని నిర్ణయించారు. అల్లాహ్ విధి నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. అల్లాహ్ విధి నుండి అల్లాహ్ విధి వైపుకే వెళుతున్నామని ఉమర్ (రజి) బదులిచ్చారు. ఒక పక్క పచ్చని నేల, మరో పక్క బీడు ఉన్న లోయలో ఒంటెలను ఎటు మేపినా అది అల్లాహ్ విధి ప్రకారమే కదా అని వివరించారు. బుఖారీ గ్రంథంలో ఉన్న ఈ సంఘటనను గమనించండి. వ్యాధి ఏ ప్రభువు విధిలోనిదో, మందు కూడా ఆ ప్రభువు విధిలోనిదే. ఒక మందు విఫలమైతే మరో మందు వైపు నడిచే రోగి పచ్చిక వైపు ఒంటెలను తోలుకుపోయే కాపరి వంటివాడు.

హజ్రత్ అయ్యూబ్ (అలై) సహనానికి ఆదర్శం. దీర్ఘకాలం బాధను భరించిన ఆ ప్రవక్త మొరపెట్టుకున్నప్పుడు, కాలితో నేలను తట్టమని అల్లాహ్ ఆజ్ఞాపించాడు. స్నానానికి, త్రాగడానికి చల్లని నీరు లభించింది. ఆ నీటిని ఏ ప్రయత్నమూ లేకుండా ప్రసాదించే శక్తి అల్లాహ్‌కు లేదా? అయినా కాలు కదపమన్నాడు. సహనం అంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదని దీని ద్వారా గ్రహించాలి.

సోదరులారా! తలకు గాయమైన ఒక సహచరుడికి స్నానం విధి అయినప్పుడు, మినహాయింపు లేదని తోటివారు చెప్పారు. ఆయన స్నానం చేసి మరణించారు. ఆ సంగతి తెలిసి దైవప్రవక్త (స) తీవ్రంగా ఆగ్రహించారు. తెలియనప్పుడు అడిగి తెలుసుకోవలసిందని మందలించారు. తేనె, కలోంజీ శుభప్రదమైనవే. కానీ వాటి పేరు చెప్పి డాక్టరు ఇచ్చిన మందును మాన్పించే అధికారం మనకు లేదు. బాధ తగ్గిందని రోగి తనంతట తాను మందు ఆపినా వ్యాధి మళ్లీ విజృంభించవచ్చు. ఈ మందులలో కొన్ని రక్షణ వ్యవస్థను అణచివేస్తాయి. శరీరంలో నిద్రాణంగా ఉన్న క్షయ మేల్కొనవచ్చు. అందుకే ముందుగా పరీక్షలు చేస్తారు, వాటిని విసుగుతో దాటవేయరాదు. ఇంకా పరిశోధన దశలో ఉన్న మందును స్వీకరించమని అడిగితే, లాభనష్టాలన్నీ విని, సమ్మతిపత్రం చదివి నిర్ణయించుకోవాలి. నైతిక సమితి అనుమతి ఉందా అని అడగాలి. మధ్యలో విరమించుకునే హక్కు రోగికి ఉంటుంది.

ఆరాధనల విషయంలో కూడా అల్లాహ్ మనపై భారం మోపలేదు. వ్యాధిగ్రస్తులకు రమజాన్ ఉపవాసాలను తరువాత పూర్తిచేసుకునే వెసులుబాటు ఖుర్ఆన్‌లోని బఖరా సూరాలో ఉంది. కోలుకునే ఆశ లేనివారు ఫిద్‌యాగా ఒక్కొక్క ఉపవాసానికి ఒక పేదకు అన్నం పెట్టాలని పండితులు తెలిపారు. వుజూ ఏమాత్రం నిలవని స్థితిలో ఉన్నవారు, పొట్టకు సంచి అమర్చబడినవారు ప్రతి నమాజు వేళకు ఒక వుజూతో నమాజు చేయవచ్చునని హనఫీ పండితులు వివరించారు. తమ స్థితి ఆ కోవలోకి వస్తుందో లేదో ఆలిమ్‌ను అడగాలి. ఉపవాసం తగునో కాదో వైద్యుణ్ణి అడగాలి. రోగి ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేసిన సత్కార్యాల పుణ్యం, అనారోగ్యంలో చేయలేకపోయినా అతనికి వ్రాయబడుతుందని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. మస్జిదుకు రాలేక ఇంట్లో కుమిలిపోతున్నవారికి ఈ మాట చేరవేయండి.

ఇక మన బాధ్యత. ఖుత్బా మధ్యలో ఒకరు లేచి వెళితే వారివైపు వింతగా చూడకండి. మస్జిదు మరుగుదొడ్లను శుభ్రంగా, అందుబాటులో ఉంచండి. శౌచాలయం గురించిన భయంతోనే జుమాకు దూరమైనవారు ఉండవచ్చు. విందులో బిర్యానీ తినమని బలవంతపెట్టకండి. ఈ వ్యాధి ఉందని యువతీయువకుల పెళ్లి సంబంధాలను తేలికగా తిరస్కరించకండి. రోగులు కూడా సంబంధం కుదిరే ముందే నిజం చెప్పాలి. ఇంజెక్షన్ల ఖర్చు మోయలేని అర్హులకు జకాత్ నుండి సాయం చేయండి.

ఓ అల్లాహ్! వ్యాధిగ్రస్తులకు సంపూర్ణ స్వస్థతను ప్రసాదించు. చికిత్స ఫలించనినాడు వారి హృదయాలను నిరాశ నుండి కాపాడు. వైద్యుల చేతులలో శుభం కలిగించు. రోగి భారాన్ని పంచుకునేవారిగా మమ్మల్ని తీర్చిదిద్దు. ఆమీన్.