మూడు నెలల షుగర్

పట్టాలు అందుకుంటున్న పోషకాహార విద్యార్థులారా, రేపటి నుంచి మీ ఎదుట కూర్చునే ప్రతివారినీ 'నిన్న ఏం తిన్నారు?' అని అడుగుతారు. వచ్చే జవాబు సగం జ్ఞాపకం, సగం మొహమాటం. మారు వడ్డించుకున్న అన్నం గుర్తుండదు, టీలో ముంచుకున్న బిస్కెట్లు లెక్కలోకి రావు. అందుకే తిండి సంగతి నోటినే కాదు, నెత్తురునూ అడగాలంటాను. అడిగాక నెత్తురు మాటనూ గుడ్డిగా నమ్మొద్దంటాను.

హెచ్‌బీఏ1సీని జనం 'మూడు నెలల షుగర్' అంటారు. ఆ పేరు పెట్టిందెవరో గాని, పాఠ్యపుస్తకం కన్నా బాగా చెప్పారు. గ్లూకోజు హిమోగ్లోబిన్‌కు ఏ ఎంజైము సాయమూ లేకుండానే అంటుకుంటుంది. ఎర్రకణం బతికే దాదాపు 120 రోజులూ ఆ మరక వదలదు. పరీక్షకు ముందు రెండు రోజులు అన్నం మాని జొన్నరొట్టె తిన్నవారి ఫాస్టింగ్ అంకె దిగొచ్చు గాని, ఇది దిగదు. 1960ల చివర్లో టెహ్రాన్‌లో శామ్యూల్ రహ్‌బర్ మధుమేహుల రక్తంలో ఈ హిమోగ్లోబిన్ తేడాను పట్టుకున్నాడు. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 6.5 శాతాన్ని రోగ నిర్ధారణకు గీతగా ఒప్పుకుంది.

దీనిపై ఒక అభ్యంతరం ఉంది, తేలిగ్గా తీసేయదగ్గది కాదు. ఇనుము చాలని ఒంట్లో చక్కెర పెరగకుండానే ఈ అంకె కాస్త పైకి జరుగుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన మన దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత. అలాగని పరీక్షను పారేయనక్కర్లేదు, పక్కన ఒంట్లోని ఇనుము నిల్వను చెప్పే మరో ప్రోటీన్‌ను, ఫెరిటిన్‌ను, నిలబెట్టి అడగాలి. ఒంట్లో వాపు ఉంటే ఫెరిటినూ పెరుగుతుంది కనుక వాపును పట్టిచ్చే ప్రోటీన్ సీఆర్‌పీని కూడా పిలవాలి. ఆ సీఆర్‌పీ ఎక్కువున్నవారిలో గుండెజబ్బులు ఎక్కువన్నది నిజమే. కానీ పుట్టుకతో వచ్చిన జన్యువుల వల్ల అది ఎక్కువగా ఉన్నవారికి ఆ ముప్పు పెరగడం లేదు. అంటే అది చూసినదాన్ని చెప్పేదే గాని, చేసినది కాదు. దాన్ని దించడానికే మందులు వెతికితే శ్రమ దండగ.

ఇలా ఒకటి రెండు ప్రోటీన్లతో ఆగకుండా, బ్రిటన్‌లోని యూకే బయోబ్యాంక్ అధ్యయనంలో 50 వేలకు పైగా మంది రక్తంలో దాదాపు 3 వేల ప్రోటీన్లు కొలిచారు. గొప్ప పనే. అయితే అక్కడ తేలిన గీతలు మూడు పూటలా పాలిష్ బియ్యం తినేవారికీ సరిపోతాయో లేదో ఇక్కడ కొలిచాకే ఒప్పుకోవాలి.

రేపు ఒకావిడ చీటీ తెస్తుంది: హెచ్‌బీఏ1సీ 6.6, హిమోగ్లోబిన్ 8. అన్నం తగ్గించమనే ముందు ఫాస్టింగ్, తిన్నాక రెండు గంటల షుగర్, ఫెరిటిన్ రాయించండి.