చెడిన తోటను కూడ చూడవలెను
(చోడవరము చెరకు రైతులకు చేసిన ప్రసంగము)



ఎవరి చెరకు తోటయైనను బాగుగ పండినదని తెలిసినచో మనము చూడబోయెదము. రకము పేరు అడిగి, ముచ్చెలు బండి కెత్తించుకొని వచ్చెదము. ప్రక్కనే ఎండిన తోట ఉన్నచో తల త్రిప్పుకొని పోయెదము. ఆ రైతు కూడ పరువు పోవునని నోరు విప్పడు. ఇట్లు రెండు తోటలు చూచియు మనము నేర్చుకొన్నది ఒక పేరు మాత్రమే. మంచి తోట రైతు ముచ్చెలు ఎక్కడ తెచ్చెనో, అంతకు ముందు ఆ భూమిలో వరి వేసెనో, కార్శి ఉంచెనో మనము అడుగలేదు.

ఎర్రకుళ్ళు తెగులు సంగతి చూడండి. 1900 ప్రాంతమున ఇది గోదావరి డెల్టాలో చెరకును నాశనము చేసినది. దానికి విరుగుడు వెదకుటకే 1902లో సామర్లకోటలో వ్యవసాయ క్షేత్రము ఏర్పడినది. ఆరోగ్యమైన ముచ్చెలు ఏరి నాటుట, తెగులును తట్టుకొను రకములను పరీక్షించుట అక్కడ సాగినవి. చెడిన తోటల నుండియే ఆ పని పుట్టినదని గమనించండి. మన అనకాపల్లి పరిశోధన స్థానము 1913లో వచ్చినది. అయినను, ఒకప్పుడు బంగారమువలె పండిన కో 419, కో 997 రకములు తరువాత ఇదే తెగులుకు లొంగినవి. తెగులు కలిగించు శిలీంధ్రము కూడ క్రొత్త రూపములు దాల్చుచుండును. కనుక రకమును మాత్రమే నమ్ముకొని కూర్చుండరాదు. (మన ప్రాంతము 2022లో విశాఖపట్టణము జిల్లా నుండి క్రొత్త అనకాపల్లి జిల్లాలోనికి మారినది గాని, చోడవరము చెరకుకు ఈ బెడద మారలేదు.)

తరచు జరుగు పొరపాటు మరియొకటి కలదు. ముచ్చెలను మందు నీటిలో ముంచితిమి గదా యని నిశ్చింతగా నుందురు. లీటరు నీటికి అర గ్రాము కార్బెండజిమ్ కలిపి 15 నిమిషములు ముంచుట మంచిదే. కాని గడ లోపలికి చొచ్చిన తెగులును ఆ మందు పోగొట్టజాలదు. ముచ్చె కోసిన చోట ఎరుపు కనబడినచో దానిని ముంచుట దండుగ; ఏరి కాల్చివేయవలెను. ఆ గడలు వచ్చిన తోటలోని మిగిలిన చెరకును కూడ విత్తనమునకు వాడరాదు, ఎంత చౌకగా దొరికినను సరే.

వానలు పట్టిన తరువాత వారమున కొకసారి తోటలోనికి దిగండి. మొవ్వు నుండి మూడవ, నాల్గవ ఆకులు పసుపు బారి వాడుచున్నచో ఒక గడను నిలువుగా చీల్చి చూడండి. లోపల ఎరుపు, నడుమ నడుమ అడ్డముగ తెల్లని మచ్చలు, పులిసిన కల్లు వాసన ఉన్నచో అది ఎర్రకుళ్ళే. అట్టి గడల రసములో పంచదార విరిగిపోవును. బెల్లము దిమ్మ సరిగా కట్టదు. ఆ దుబ్బును వేళ్ళతో త్రవ్వి తీసి కాల్చండి. ఆ మడి నీరు ప్రక్క మడికి పారనీయవద్దు. ఆ తోటను కార్శికి ఉంచక, నరికిన పిమ్మట వరి వేయండి.

ఇది ప్రక్క రైతుకు ఆ దినముననే చెప్పండి. దాచినచో కాలువ నీరే తెగులును ఆయన తోటకు మోసికొని పోవును. నాటిన తేది, ముచ్చెలు తెచ్చిన ఊరు, ముందు వేసిన పైరు, తెగులు మొదట కనబడిన మూల, ఇవి ఒక నోటు పుస్తకములో వ్రాసి యుంచండి. అనుమానమున్నచో చీల్చిన గడను సంచిలో కట్టి, ఆ పుస్తకముతో సహా అనకాపల్లి పరిశోధన స్థానమునకు తెచ్చి చూపండి.