తుఫానుకు ముందు పెరటి చెట్టు



తుఫాను కబురు వినగానే కోతకొచ్చిన వరికి ఏం చెయ్యాలో మీకు ఒకరు చెప్పనక్కరలేదు. పెరటి చెట్టు సంగతి మాత్రం అది కూలిన తరువాతనే గుర్తుకు వస్తుంది. ఈవేళ ఆ చెట్టును గురించి నాలుగు మాటలు చెప్పదలచాను.

బందరు, గుడివాడ, దివిసీమల వారికి గాలివాన కొత్త కాదు. 1864 నవంబరులో ఉప్పెన బందరు పట్టణాన్ని ముంచెత్తింది. 1977 నవంబరు 19న, కార్తీకమాసంలో, దివిసీమలో వేలాదిమంది ప్రాణాలు పోయాయి. 1990 మే నెలలో మరొక తుఫాను. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. అంటే వేసవి చివర ఒక గండం, అక్టోబరు మొదలు డిసెంబరు వరకు పెద్ద గండం. 1977లో చెట్టును కావలించుకొని బతికి బయటపడ్డవారి ముచ్చట్లు దివిసీమలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ చెట్టే ఇంటి కప్పు మీద పడితే లోపలివారి గతేమిటి? కాబట్టి చెట్టును కొట్టివేయడం కాదు, నిలబడేటట్టు చూసుకోవలెను.

చెట్టు ఎందుకు కూలుతుందో ముందు చూద్దాం. మన నల్లరేగడి వారంరోజుల వానకు నాని మెత్తబడి వేళ్లను వదిలేస్తుంది. పైన ఆకు గుబురుగా ఉంటే గాలికి అది తెరచాప. తుఫాను కన్ను మన ఊరి మీదుగా పోయిందంటే గాలి కాసేపు ఆగుతుంది. అయిపోయింది గదా అని బయటికి రాకండి. మళ్లీ ఎదుటి దిక్కు నుంచి కొడుతుంది. మొదటి దెబ్బకు ఒక పక్క వేళ్లు సడలిన చెట్టు రెండో దెబ్బకు పడిపోతుంది.

అన్ని చెట్లూ ఒక్కటి కావు. తాడి, చింత, కానుగ గట్టివి. కొబ్బరి వంగి లేస్తుంది. మునగ పెళుసు, అరటి సంగతి చెప్పనే అక్కరలేదు. నీడకని వేసుకొనే నిద్రగన్నేరు, ఎర్రగా పూసే తురాయి ఇంటిని ఆనుకొని ఉండకూడదు. గోడకు పునాది తవ్వుతూ ఒక పక్క వేళ్లు తెగ్గొడితే ఎంత గట్టి చెట్టయినా అటు బలహీనమే. ఈ తప్పు ఊరూరా జరుగుతున్నది.

ఇక కొమ్మలు తీయడం. చాలామంది తుఫానుకు భయపడి చెట్టు తలనంతా నరికి మోడు చేస్తారు. ఇంతకన్నా చెరుపు లేదు. మోడు నుంచి గుంపుగా వచ్చే చిగుళ్లు పైపైన అతుక్కొని ఉంటాయి. నాలుగేళ్లకు లావెక్కి మొదటి గాలికే ఊడిపడతాయి. నరికిన చోట నీరు దిగి మాను పుచ్చుతుంది. మరేం చెయ్యాలి? ఎండిన కొమ్మ, ఒకదానికొకటి రాసుకొనే కొమ్మ, ఇరుకు పంగలో పెరిగిన జంట కొమ్మలో ఒకటి, ఇంటి మీదికి వాలినది, ఇవి తీయించండి. గాలి లోపలినుంచి దూరిపోవాలి. మొత్తం మీద ఆకు నాలుగోవంతుకు మించి తీయవద్దు. పని భాద్రపదం దాటకుండా ముగియాలి.

లావు కొమ్మను గొడ్డలితో ఒక్క వేటున కొట్టకండి. మాను నుంచి ఒక అడుగు ఎడంగా, అడుగువైపు నుంచి మూడోవంతు రంపంతో కొయ్యండి. దానికి కాస్త అవతల పైనుంచి కోస్తే కొమ్మ బెరడు చీల్చకుండా పడుతుంది. మిగిలిన మొద్దును, కొమ్మ మొదట ఉబ్బెత్తుగా ఉంగరంలా కనిపించే చోటికి పైన కొయ్యండి. ఆ ఉంగరం తెగకూడదు. గాయం మూసుకొనేది దానివల్లనే.

కొబ్బరికి లెక్క వేరు. ఎండుమట్టలు, వేలాడే మట్టలు, ముదిరిన గెలలు దించితే చాలు. పచ్చి మట్టలన్నీ కొట్టేసి రెండు మూడు ఉంచారంటే మొవ్వుకు ఆసరా పోతుంది. మొవ్వు విరిగిన కొబ్బరి మళ్లీ లేవదు. మొదలు దగ్గర ఎర్రటి బంక కారుతున్నా, పుట్టగొడుగులు లేచినా వేరు కుళ్లిందన్నమాటే. అటువంటి చెట్టును ముందే తీసివేయండి. తీసేముందు అనుమతి అడగండి, 2002 నాటి వాల్టా చట్టం ఉంది.

చలిదేశాల్లో మంచు బరువుకు కొమ్మలు విరుగుతాయి. అక్కడ చెట్ల పనికే శిక్షణ పొందిన మనుషులున్నారు. మనకు దింపు తీసేవారు, గీతపనివారు ఉన్నారు. వారి మోకు పాతదైతే కొత్తది కొనిపెట్టండి, కూలి దగ్గర బేరాలాడకండి. గాలి మొదలయ్యాక ఎంత బతిమాలినా ఎవరినీ చెట్టెక్కించవద్దు. కరెంటు తీగలకు తగిలే కొమ్మ జోలికి మీరు పోవద్దు, విద్యుత్తు శాఖవారికి చెప్పండి. విస్తరణ కార్యకర్తలు శ్రావణంలోనే ఊరు తిరిగి, బడి దగ్గర, తుఫాను రక్షణ భవనానికి పోయే దారిలో ఉన్న చెట్లను చూసిపెడితే మంచిది. దారికడ్డంగా చెట్టు పడితే ఆ భవనం ఎవరికీ అందదు.

తుఫాను వెలిశాక ముందు తీగలు చూసుకొని అడుగు వెయ్యండి. ఒరిగిన లేతచెట్లను రెండు మూడు రోజుల్లో లేపాలి. అందాకా వేళ్ల మీద తడి గోనెపట్టాలు కప్పి ఉంచండి. కొమ్మలు కొంత తగ్గించి, లేపి, మట్టి తొక్కి, మూడు వైపులా ఊతం కట్టండి. కట్టుతాడు బెరడును కొయ్యకుండా గుడ్డ చుట్టండి. కొబ్బరి మొవ్వులో లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడు కలిపి పోస్తే మొవ్వుకుళ్లు రాదు. ఉప్పునీరు నిలిచిన దొడ్డిలో మొదట ఆ నీటిని బోదె తీసి బయటికి పంపాలి. తరువాత కాలువ నీరో, వాననీరో రెండు మూడుసార్లు నిలవగట్టి వదలండి. మొదలు చుట్టూ తెల్లగా ఉప్పు పేరుతుంటే ఇంకొక తడి ఇవ్వండి.